ఒక్క ‘మా’

ప్రభుత్వ ముద్రణాలయంలో ఆయన్ని అందరూ కామాగారనే పిలిచేవారు. అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని ప్రూఫులు దిద్దడం. భార్య రాసిన సరుకుల చీటీ కూడా దిద్దిచ్చి తిట్లు తిన్న మనిషి. ఆయన చేతిమీదుగా వెళ్లిన చట్టాల్లో ఒక్క తప్పూ దొర్లలేదు. ఆ గర్వం కాస్త ఎక్కువే. పోనివ్వండి, అంతకుమించి ఆయన సంపాదించుకున్నదీ ఏమీ లేదు.

ఆ సోమవారం పొద్దున్నే నీటి చట్టం ప్రూఫు బల్లమీదకొచ్చింది. దేశం పీకల దాకా అప్పుల్లో ఉంది కాబట్టి నీటి సరఫరా మొత్తాన్నీ అరవై ఏళ్లపాటు ఒక కంపెనీకి అప్పగిస్తున్నారు. కామాగారి భార్య పంపుహౌసులో వాల్వులు తిప్పే ఆపరేటరు. పాత సిబ్బందిని తీసేసే హక్కు కంపెనీదేనని పన్నెండో పేజీలో ఉంది. అయినా ఆ వాక్యంలో తప్పిపోయిన దీర్ఘం ఒకటి సరిచేశారు.

పదిహేడో పేజీలో కలం ఆగింది. “జలాశయాలన్నీ మా అధీనంలో ఉంటాయి.” చట్టంలో ‘మా’ ఏమిటి? మిగతా చోట్లన్నీ ‘కంపెనీ’ అనే ఉంది. పోనీ, దేశం తరఫున అన్నారనుకుంటే ‘మన’ అనాలి కదా! ‘మన’లో వినేవాడికీ చోటుంటుంది. ‘మా’ అంటే వాణ్ని గుమ్మం బయట నిలబెట్టడమే. రాతప్రతి తెప్పించి చూశారు. అందులోనూ ‘మా’ అనే ఉంది. అంటే ఈ చట్టం రాసింది ప్రభుత్వం కాదు, కంపెనీయే. వాళ్లు పంపిన కాగితంలో ‘మా’ ఉన్న చోటల్లా ‘కంపెనీ’ అని మార్చారు. ఒక్కటి మిగిలిపోయింది.

ఈ సంగతి బుర్రకెక్కేలోపే చెయ్యి ‘మా’ కొట్టేసి పైన ‘కంపెనీ’ అని రాసేసింది. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు మరి, అడిగి చేస్తుందా?

ఇక ఆయనకు కాలు నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా కిటికీ దగ్గరకు, నీళ్ల కూజా దగ్గరకు, మళ్లీ బల్ల దగ్గరకు. పెన్షనుకు ఇంకా ఎనిమిది నెలలుంది. చివరికి భార్యకు ఫోన్ చేశారు.

“ఏం చేస్తున్నావు?”

“నీళ్లు వదులుతున్నాను. ఈ వేళప్పుడు చేశారేంటి? ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉంది. ఒక తప్పు దిద్దాను.”

“రోజూ చేసే పనేగా అది!”

“దిద్దకుండా ఉండాల్సిందేమో అని...”

“అబ్బ, నీళ్లు నమలకండి. మేం పంపేది తాగడానికి. సంగతేంటో చెప్పండి.”

చెప్పారు. అటువైపు వాల్వు చప్పుడు ఆగింది.

“ఆ పేజీ ఇంకా మీ దగ్గరే ఉందా?” అని మాత్రం అడిగిందామె.

ఉంది. ఆయన వెళ్లి, పైన రాసిన ‘కంపెనీ’ని గీసేసి, కొట్టేసిన ‘మా’ కింద వరసగా చుక్కలు పెట్టారు. ప్రూఫుల భాషలో దానర్థం, ఉన్నది ఉన్నట్టు ఉంచమని. కింద సంతకం చేశారు.

గెజిటు బయటికొచ్చిన రోజే ఆ ‘మా’ ఊరంతా పాకింది. పంపుహౌసు గోడమీద ఎవరో మనిషెత్తున రాశారు. అచ్చుతప్పన్నాడు మంత్రి. ముద్రణాలయంలో మాత్రం ఆ మాట ఎవరూ నమ్మలేదు. చట్టం రద్దు కాలేదు గానీ, కంపెనీవాళ్లు పంపుహౌసు గడప తొక్కడమూ ఆగింది.

వారం తిరక్కుండా కామాగారికి నోటీసు వచ్చింది. ఆ తప్పు మీ కంట పడిందా, లేదా?

సూపరింటెండెంటు తలుపు దగ్గరగా వేసి కూర్చోబెట్టాడు. “చూపు మందగించింది, కంటికి ఆనలేదని రాసివ్వండి కామాగారూ. ఆ ప్రూఫు కాగితం సంగతి నేను చూసుకుంటాను, వదిలేస్తారు. చూసి కూడా ఉంచారని తెలిసిందా, పెన్షనుకు నీళ్లొదులుకోవాల్సిందే.”

కామాగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. భయమేసింది. అయినా కలం తీశారు. నోటీసు కింద ఖాళీలో ఒకే ఒక్క మాట రాశారు.

“చూశాను.”

చివర చుక్క పడిందో లేదో మరోసారి చూసుకుని కాగితం ఇచ్చేశారు.