వరండా మెంబరు

అంతోనమ్మకు పుట్టుకతోనే అన్నిటి మీదా ఆసక్తి. ఎ.కొండూరులో పుట్టింది. పెళ్ళయి తిరువూరులోని పేటకు కాపురానికి వస్తూ, దారిలో రోడ్డు వేస్తున్న కూలీలను చూసి పెళ్ళిబండి ఆపించి, ఈ రోడ్డు ఎందాకా పోతుందని అడిగిందట. పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు శాంతయ్య ఎద్దుల వీపులు చూస్తూ ఊరుకున్నాడట. ఆ తర్వాత కూడా ఆయన అలాగే ఉండిపోయాడు. తాపీ మేస్త్రి. ఆయన కట్టిన గోడ వంకర పోదని ఊరంతా ఒప్పుకునేది గానీ, ఆ గోడ ఎవరిదో, అందులో ఎవరు కాపురం ఉంటారో ఆయనకు పట్టేది కాదు. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినా తినేసి లేచేవాడు. ఆ ఇంటికి పంచాల్సిన ఆసక్తినంతా దేవుడు పొరపాటున ఒక్కరికే ఇచ్చేశాడని పేటలో నవ్వుకునేవారు.

మామిడికాయల రోజుల్లో అంతోనమ్మ తోటల్లో గంపలు సర్దే పనికి పోయేది. గంపలో గడ్డి పరిచి కాయలు పేరుస్తూ, ఈ గంప ఏ ఊరు పోతుంది, అక్కడివాళ్ళు ఊరగాయ పెడతారా, మాగబెట్టుకు తింటారా అని షావుకారును అడిగేది. బస్టాండులో దిగినవాళ్ళను ఎవరింటికి, ఏం పని మీద అని వాకబు చేసేది. కొందరు విసుక్కునేవారు. అలా విసుక్కున్న పెద్దమనుషులకు కూడా ఇంట్లో పిల్లవాడికి జ్వరం తగిలితే ముందు గుర్తొచ్చేది అంతోనమ్మే, ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు.

పంతొమ్మిది వందల డెబ్భైలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఆడవాళ్ళకు కేటాయించిన సీటుకు పేటవాళ్ళు ఆమెను నిలబెట్టారు. పేటకు నీళ్ళు లేవు. పొలాలకు అడ్డం పడి ఒక రైతు బావి దాకా నడవాలి. ఆ రైతు మనసు బాగుంటే తోడుకోనిచ్చేవాడు, లేకపోతే బిందెలు ఖాళీగానే తిరిగి వచ్చేవి. అంతోనమ్మ ఇల్లిల్లూ తిరిగి, "మీ మీద నాకు ఆసక్తి ఉంది. బోరింగు పంపు వేయించే పూచీ నాది" అని చెప్పింది. అందరూ ఆమెకే గుద్దారు. ఓట్ల లెక్కింపు రోజున శాంతయ్య పనికి పోయి సాయంత్రం వచ్చాడు. గెలిచానని చెబితే "ఊఁ" అని కాళ్ళు కడుక్కున్నాడు.

గొడవంతా ఆ మరుసటి ఏడాది పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక కాగితంతో మొదలైంది. అప్పుడప్పుడే ప్రభుత్వ కాగితాలు తెలుగులో వస్తున్నాయి. ఆ తెలుగును మళ్ళీ తెలుగులోకి మార్చుకోవడానికి గుమాస్తా హనుమయ్యకు సగం పూట పట్టేది. ఈసారి మాత్రం వాక్యం తేటగానే ఉంది. సభలో ఆయన నిలబడి చదివాడు.

"ఏదేని విషయమందు సభ్యునికి ఆసక్తి ఉన్నచో ఆ సంగతి ముందుగా సభకు వెల్లడించి, చర్చయందు గానీ ఓటింగునందు గానీ పాల్గొనక, సభ వెలుపలికి పోవలెను."

ప్రెసిడెంటు జగన్నాథరావు గారు రూలంటే ప్రాణం పెట్టే మనిషి. "రూలు రూలే. ఇవాళ్టి నుంచే అమలు చేద్దాం" అన్నారు. మొదటి అంశం వీధి దీపాలు. "ఎవరికైనా ఆసక్తి ఉందా?" అని అడిగారు.

"నాకుందండి" అంది అంతోనమ్మ. ఉండదా మరి, చీకట్లో పేట పిల్లలు తేళ్ళు తొక్కుతుంటే.

"అయితే బయటికి వెళ్ళాలమ్మా."

ఆమె బయటికి పోయింది. దీపాల సంగతి తేలాక లోపలికి పిలిచారు. తర్వాత అంశం మురుగుకాలవ. దాని మీదా ఆమెకు ఆసక్తే. మళ్ళీ బయటికి. ఆ తర్వాత కోతుల బెడద. కోతుల మీద ఆసక్తి లేనివాళ్ళు ఉంటారా అని ఆమె అనుకుంది గానీ, లోపల కూర్చున్న మెంబర్లలో ఒక్కరూ చెయ్యెత్తలేదు. ముఖ్యంగా వీరరాఘవయ్య గారు. ఊళ్ళో సగం ఎడ్లబళ్ళు ఆయనవే. "నాకు దేని మీదా ఆసక్తి లేదండి" అని కళ్ళు మూసుకుని కునుకు తీసేవారు. ఆసక్తి లేనివాళ్ళంతా కలిసి అజెండాను చకచకా ముగించేసి టీ తాగేవారు.

నెల తిరిగి మళ్ళీ సభ వచ్చింది, మళ్ళీ అదే తంతు. అంతోనమ్మకు వరండా మెంబరని పేరు పడిపోయింది. ఆమె ఏమీ కుంగిపోలేదు. చింతపండు బుట్ట ఒకటి వెంట తెచ్చుకుని, వరండాలో గోడకు ఆనుకుని గింజలు తీస్తూ కూర్చునేది. మెంబరు చేతికందేంత దగ్గరలో ఉంటే జనం ఊరుకుంటారా? రేషను కార్డు రానివాళ్ళు, ఇంటి పన్ను తప్పు పడినవాళ్ళు, పక్కింటి చూరు నీళ్ళు తమ గోడ మీద పడుతున్నాయని వచ్చినవాళ్ళు, అందరూ ఆమె చుట్టూ చేరేవారు. ఆమె విని, ఎవరి దగ్గరికి పోవాలో చెప్పేది, ఒక్కోసారి తానే వెంట పోయేది. లోపలి పంచాయతీ కన్నా బయటి పంచాయతీ బ్రహ్మాండంగా సాగింది.

ఇంతలో పంచాయతీ సమితి నుంచి తిరువూరుకు ఒక బోరింగు మంజూరయింది. ఒక్కటే. పేటలో వేయాలా, సంత బజారులో వేయాలా అన్నది సభ తేల్చాలి. మెంబర్లు చెరిసగం చీలిపోయారు. అంతోనమ్మ ఓటు వేస్తే పేటకు మొగ్గు. వేయకపోతే సమానం. సమానమైతే తన ఓటు సంత బజారుకేనని ప్రెసిడెంటు గారు దాపరికం లేకుండా చెప్పేశారు.

ఈ సంగతి తెలిసి పొరుగింటి చిట్టెమ్మ వచ్చి కూర్చుంది. "ఒక్కరోజుకి ఆసక్తి లేదని చెప్పవే. నీ సొమ్మేం పోద్ది?"

"ఎట్టా చెప్పనే? ఓట్లడిగేటప్పుడు మీ మీద ఆసక్తి ఉందని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఇప్పుడు లేదంటే అప్పుడన్నది అబద్ధం, అప్పుడు నిజమైతే ఇప్పుడన్నది అబద్ధం."

"మరి బోరింగు?"

ఆ వారమంతా అంతోనమ్మ బస్టాండులో ఎవరినీ ఏమీ అడగలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కండక్టర్లు కూడా కనుక్కున్నారు. శాంతయ్య ఏమీ అడగలేదు. ఆమెకు ఎన్నడూ లేనిది ఆ మౌనం మీద కోపం వచ్చింది. "దేని మీదా ఆసక్తి లేనోడివి, నా ఓటన్నా నీకిచ్చి ఉండాల్సింది, బయటికి పొమ్మనేవాళ్ళు కాదు" అని విసురుగా కంచం పెట్టింది. ఆయన తినేసి లేచాడు.

సభ రోజు వచ్చింది. పేట ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. ప్రెసిడెంటు గారు ఇద్దరు మేస్త్రీలను కూడా పిలిపించారు. బోరింగు చుట్టూ సిమెంటు చప్టా కట్టాలి కదా, అందుకు. ఆ పంచాయతీలో ఒక పద్ధతి ఉండేది: ఏ వాడలో పని పడితే ఆ వాడ మేస్త్రీకే ఇస్తారు. సంత బజారు మేస్త్రి ఒకరు, పేట తరఫున శాంతయ్య వరండా మెట్ల మీద కూర్చున్నారు. లోపల, ప్రెసిడెంటు గారి పక్కన, సమితి నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరు సీతారామారావు గారు కూర్చున్నారు.

హనుమయ్య బోరింగు అంశం చదివాడు. ప్రెసిడెంటు గారు నోరు తెరవకముందే అంతోనమ్మ చింతపండు బుట్ట చంకన పెట్టుకుని లేచింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కడికమ్మా?" అన్నారు ఆఫీసరు.

"నాకు దీని మీద ఆసక్తి ఉందండి. శానా ఉంది. బయటికి పోతున్నా."

సీతారామారావు గారికి అర్థం కాలేదు. కాగితం తెప్పించుకుని చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. భుజాలు అదిరేదాకా ఆయన నవ్వుతున్నారని ఎవరికీ తెలియలేదు.

"ఇంగ్లీషు కాగితంలో ఇంటరెస్టు అని ఉంటుందయ్యా. దానికి ఆసక్తి అనీ అర్థమే, లాభం అనీ అర్థమే. ఇక్కడ చెప్పింది లాభం సంగతి. పంచాయతీ పనిలో మెంబరుకు గానీ వాళ్ళింట్లోవాళ్ళకు గానీ డబ్బు ముట్టేది ఉంటే ముందే చెప్పి తప్పుకోవాలి. అంతే గానీ ఆసక్తి ఉన్నవాళ్ళను బయటికి పంపించి, లేనివాళ్ళతో ఊరు నడిపిస్తారా?"

హనుమయ్య నెత్తి గోక్కున్నాడు. "కాగితంలో ఎట్టా ఉంటే అట్టా చదివానండి."

ప్రెసిడెంటు గారు "ఇన్నాళ్ళూ వరండాలో కూర్చోబెట్టాను, ఏమీ అనుకోకు. కూర్చో అంతోనమ్మా" అన్నారు. ఆమె కూర్చుంది. కిటికీలోంచి చూస్తున్న చిట్టెమ్మ బిందె మీద దరువు వేసింది. బయట ఆడవాళ్ళంతా అందుకున్నారు. హనుమయ్య వెళ్ళి బతిమాలుకుంటే గానీ ఆగలేదు.

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని కొత్త మాటతో అడిగారు. "ఈ అంశంలో ఎవరికైనా లాభం ఉందా?"

అంతోనమ్మ చెయ్యి బుట్టలో చింతపండు మీద ఆగిపోయింది. పేటలో బోరింగు పడితే చప్టా పని శాంతయ్యది. ఆ కూలి వచ్చేది తన ఇంటికే. ఆసక్తి అన్న మాట అడ్డం తొలిగిందో లేదో లాభం అన్న మాట వచ్చి దారికి అడ్డంగా కూర్చుంది. ఇది ఆమె ఒక్కదానికే తట్టింది. నోరు మూసుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆమె మెల్లగా లేచింది.

"ఉందండి. చప్టా పని మా ఆయనది."

"నీ నోట్లో మన్నుబడ, కూర్చోవే" అంది చిట్టెమ్మ కిటికీలోంచి. ఆఫీసరు గారికి నవ్వు రాలేదీసారి. "రూలు ప్రకారం నువ్వు చేసింది సబబేనమ్మా" అని మాత్రం అన్నారు. అంతోనమ్మ వరండాలోకి వచ్చి తన పాత చోట గోడకు ఆనుకుంది. మెట్ల మీద శాంతయ్య తలతిప్పి చూశాడు.

"ఏమైందే?" అన్నాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన తనంతట తాను వేసిన ప్రశ్న ఇదొక్కటేనని అంతోనమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ చెప్పుకుంది.

"నీ కూలి మనింటికొస్తది గదా. అందుకని నా ఓటు చెల్లదు."

శాంతయ్య తాపీ పక్కన పెట్టాడు. చొక్కా దులుపుకున్నాడు. గుమ్మం దాకా నడిచి, లోపలికి అడుగు పెట్టకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, పేటలో చప్టాకి నేను కూలి తీసుకోనండి. రాసుకోండి."

సభంతా అటు తిరిగింది. వీరరాఘవయ్య గారు సైతం కళ్ళు తెరిచారు. ఆఫీసరు అడిగారు. "ఊరికే చేస్తావా? నీకేం లాభమయ్యా?"

"లాభం లేదండి" అన్నాడు శాంతయ్య. వెనక వరండాలో ఉన్న అంతోనమ్మ వంక చూశాడు. "ఆసక్తి."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా నవ్వారు. ఏం తప్పన్నాడో తెలియక శాంతయ్య బిక్కమొహం వేశాడు. సీతారామారావు గారు స్వయంగా లేచి వెళ్ళి అంతోనమ్మను లోపలికి పిలుచుకొచ్చారు. శాంతయ్య మాట తీర్మానంలో రాయించారు. అంతోనమ్మ చెయ్యెత్తింది. బోరింగు పేటకు వచ్చింది.

తర్వాత అంశం రోడ్డుకు కంకర తోలడం. "లాభం ఎవరికైనా?" అని ప్రెసిడెంటు గారు అడగగానే అందరూ వీరరాఘవయ్య గారి వంక చూశారు. కంకర తోలేది ఆయన బళ్ళే, ఆ మాట ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆయన కండువా సర్దుకుని బయటికి నడిచారు. వరండాలో గాలి బాగుంది. రేషను కార్డు రాని ముసలమ్మ ఒకామె ఆయన ముందు చతికిలబడి తన గోడు మొదలుపెట్టింది. అంశం ముగిసి, మరిచిపోయిన బుట్ట కోసం అంతోనమ్మ వచ్చి చూసేసరికి ఆయన ఊఁ కొడుతూ, అందులోని చింతపండు గింజలు తీస్తున్నారు. ఆ పైన ఆయన సభల్లో నిద్రపోవడం కొంత తగ్గించారు.

బోరింగు పడింది. శాంతయ్య చప్టా కట్టాడు. ఒకరోజు పనిని ఎన్నో రోజులు చేశాడు. కట్టి, నీళ్ళు పోసి చూసి, వాలు చాలదని మళ్ళీ చెక్కాడు. మొదటి బిందె అంతోనమ్మ కొట్టింది. నీళ్ళు బిందె నిండి, చప్టా మీద పొర్లి, ఎక్కడా నిలవకుండా ఒక మూలకు చేరి, అక్కడి నుంచి కొత్తగా నాటిన అరటి పిలకల్లోకి పోయాయి.

శాంతయ్య గొంతుక్కూర్చుని నీళ్ళు పోయే దారి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఇంత వాలు ఎందుకు పెట్టాడో, ఆ అంచు ఎందుకు గుండ్రంగా తిప్పాడో, చూలాలు వచ్చినా కాలు జారకుండా గరుకు ఎట్టా తీశాడో, బిందె పెట్టేచోట గుంట ఎందుకు చేశాడో. పేటవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆయన ఆపకుండా చెబుతూనే ఉన్నాడు.

అంతోనమ్మ ఆ పూట ఎవరినీ ఏమీ అడగలేదు. బోరింగు పిడి పట్టుకుని నిలబడి, ఆయన చెప్పిందంతా చివరిదాకా వింది.