వెనుకనుంచి వచ్చే గాలి

మా గౌలిపురా టెంట్‌హౌజ్ బుచ్చయ్యకు ఒకటే భయం. గాలి. దయ్యమన్నా, పోలీసన్నా, చివరికి భార్య నాగమణమ్మ అన్నా ఆయనకు లెక్కలేదు. చెట్టుమీద ఆకు కదిలితే మాత్రం మాట్లాడుతున్న మాట నోట్లోనే ఆగిపోయేది. మెడ ఎత్తి ఆకాశం చూసి "గాలొస్తది" అనేవాడు. అంతే, ఆ తర్వాత మనం ఏ సంగతి అడిగినా ఆయన చెవికెక్కదు.

అంత భయం ఉన్నవాడు ఏ కిరాణా దుకాణమో పెట్టుకోవాలి. ఈయన షామియానాలు కిరాయికిచ్చే వ్యాపారం పెట్టుకున్నాడు. దుకాణం బోర్డుమీద ఆంజనేయస్వామి బొమ్మ, కింద 'శ్రీ వాయునందన టెంట్ హౌజ్' అని పేరు. ఈ పేరేమిటని నేనోసారి అడిగాను.

"కొడుకు పేరు పెట్టుకుంటెనన్న తండ్రి జర కనికరిస్తడేమో అని, తమ్మీ" అన్నాడు.

లోపలినుంచి నాగమణమ్మ అందుకుంది. "గిన్నేండ్ల సంసారంల నేను చూసిన గాలంత గీయన నోట్లెకెళ్లి వచ్చిందే!"

ఆమె మాటలో అబద్ధం లేదు. ఆయన వస్తుందన్న గాలి ఏనాడూ వచ్చిన పాపాన పోలేదు. అయినా పెళ్లికి టెంటు కావాలని ఎవరు వెళ్లినా ఇదే వరస.

"ఏ నెల?"

"ఫాల్గుణం."

"అమ్మో, గాలొస్తది."

"పోనీ, వైశాఖం?"

"అండ్ల ఇంకా మస్తొస్తది."

"అయితే పెండ్లే చేసుకోవద్దంటవా?"

"చేసుకోండ్రి భాయ్, నేనొద్దంటున్ననా? గుళ్లె చేసుకోండ్రి. దానికి గోడలుంటయి."

అఫ్జల్‌గంజ్ హోటల్లో చాయ్ తాగేటప్పుడు కూడా సాసర్‌కు అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఎందుకయ్యా అంటే పైన తిరిగే ఫ్యాను వైపు కళ్లతో చూపించేవాడు. ఇక టెంటు కడితే తాళ్లకు లెక్కే ఉండదు. కరెంటు స్తంభానికొకటి, కిటికీ ఊచకొకటి, ఆగి ఉన్న రిక్షాకొకటి. పెళ్లికి వచ్చినవాళ్లు తాళ్లమీద దూకుతూ, తాళ్లకింద దూరుతూ వచ్చి కూర్చునేవాళ్లు. ఒకసారి తాడు చాలక పక్కింటి బర్రె కట్టిన గుంజకు ముడివేశాడు. పాలు పిండే వేళయ్యేసరికి బర్రె గుంజను పెరుక్కుని ఇంటికి బయలుదేరింది, దాని వెంట సగం షామియానా కూడా బయలుదేరింది. "గాలొచ్చింది! గాలొచ్చింది!" అని బుచ్చయ్య ఒక్కటే అరుపు. అప్పటిదాకా ఆయన జోస్యం కాస్త దగ్గరగా వచ్చింది ఆ ఒక్కసారే.

ఆయన దగ్గర ఇంకో వింత ఉండేది. గట్టి ఇనుప పైపులన్నీ తీసుకెళ్లి ఇంటి వెనుక, వంటల దగ్గర పాతేవాడు. పెళ్లి జరిగే ముందువైపు మాత్రం సన్నటి వెదురు బొంగులు, పలచటి బట్ట. ఎంతమంది ఎంత పోట్లాడినా ఒకటే జవాబు. "గాలి ఎనుకనుంచి వస్తది."

మా బాపు రఘునాథ్, ఆఫీసులో హెడ్‌క్లర్కు. తప్పు కనిపిస్తే వదిలే మనిషి కాదు. "మా ఇల్లు తూర్పు ముఖం, ఎదురింటిది పడమటి ముఖం. రెండిండ్లకూ ఎనుకనుంచే ఎట్ల వస్తదయ్యా?" అని నిలదీశాడు.

"మీ ఇంటికి వచ్చినప్పుడు పడమటికెళ్లి వస్తది సార్. వాండ్లింటికి పోయినప్పుడు తూర్పుకెళ్లి పోతది."

ఇంతటివాడికి బేరాలెలా వస్తాయంటే, వంటవాళ్లవల్ల. మా చుట్టుపక్కల ఏ వంటవాళ్లను మాట్లాడబోయినా మొదటి మాట "టెంటు బుచ్చయ్యదేనా?" అనేవాళ్లు. కాదంటే ఆ పెళ్లికి వచ్చేవాళ్లు కాదు. వాళ్లకూ ఆయనకూ ఏదో లాలూచీ ఉందని బాపు అనుమానం.

డెబ్బైల చివర్లో మా చెల్లెలు గోదా పెళ్లి కుదిరింది. ఫాల్గుణంలో, సాయంత్రం గోధూళి లగ్నం. అది దాటితే మూఢం వస్తుంది, మూడు నెలలు ముహూర్తాల్లేవు. పెళ్లికొడుకు నాయనమ్మకు అసలే ఈ సంబంధం ఇష్టం లేదు. అపశకునం అనే ముక్క ఆమె నోట వచ్చిందంటే మళ్లీ మా గడప తొక్కరని అందరికీ తెలుసు. గోదాకు మాత్రం ఆ పిల్లవాడు బాగా నచ్చాడు. పైకి చెప్పలేదు కానీ, శుభలేఖను రోజుకు నాలుగుసార్లు తీసి చూసుకునేది.

ఆ ఏడు ఫాల్గుణంలోనే వైశాఖం వచ్చి కూర్చుంది. హోలీ ఇంకా రాకముందే కుండలవాళ్లు రోడ్డుమీద కుండలు దించారు. లాడ్ బజార్‌లో గోదాకు లక్క గాజులు కొని తెస్తుంటే తోవలోనే మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఆకు కదలదు, చెమట ఆరదు. ఈ ఎండ మంచికి కాదని వాకిట్లో కూర్చున్న ప్రతివాళ్లూ అనేవాళ్లే. పెళ్లి ముందురోజు రేడియోలో ప్రాంతీయ వార్తల చివర ఆ మాట రానే వచ్చింది. రాగల రెండు రోజుల్లో అక్కడక్కడ ఉరుములతో కూడిన జల్లులు, ఈదురుగాలులు.

వార్తలు అయ్యీ కాకముందే బుచ్చయ్య మా గుమ్మంలో ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, రేడియో విన్నరా? గాలొస్తదంట!"

"నువ్వు రోజూ చెప్పేదే గదా" అన్నాడు బాపు.

"నేను చెప్పుడు వేరు సార్. ఇది వాండ్లు చెప్తున్నరు. అంటె నిజంగనే వస్తది!"

అప్పటిదాకా ధైర్యంగా ఉన్న బాపు కూలబడ్డాడు. అమ్మ దేవుడి ముందునుంచి లేవలేదు.

తెల్లవారి టెంటు దగ్గర పెద్ద లొల్లి అయింది. ఇనుప పైపులు ఈ ఒక్కసారి ముందు పాతమని బాపు, వెనుకనే పాతుతానని బుచ్చయ్య.

"పెండ్లి నా బిడ్డకయ్యా, సాంబారుకు కాదు!"

"కాళ్లు మొక్కుత సార్, గాలి ఎనుకనుంచి వస్తది."

నేనూ కేకలేశాను. ఆయన వినలేదు. చేతులు జోడిస్తూనే వెళ్లి పైపులు వెనుకే పాతాడు.

సాయంత్రానికి ఆకాశం పసుపు రంగుకు తిరిగింది. సన్నాయి వాయిస్తున్నారు కానీ ఎవరి చూపూ పెళ్లికొడుకు మీద లేదు, అందరి మెడలూ పైకే. అంతలో ఎక్కడో తలుపు ధడేల్మంది. దుమ్ము లేచింది. ముందువైపు షామియానా నిండా ఉబ్బి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా దిగి మగపెళ్లివారి నెత్తిన కూర్చుంది. బట్ట కిందినుంచి "నేను ముందే చెప్పిన!" అని నాయనమ్మ గొంతు వినిపించింది. ఆ వెంటనే వాన.

అందరం ఇంట్లోకి పరుగెత్తాం. నాలుగు గదులు, రెండు వందలమంది. పెళ్లికూతురు ఏ గదిలో ఉందో పెళ్లికొడుక్కు తెలియదు. పీట వేయడానికి కాదు కదా, పాదం మోపడానికి జాగా లేదు. "లగ్నం దాటిపోతుంది!" అని పంతులు ఎక్కడినుంచో అరుస్తున్నాడు. బాపు గుమ్మంలో నిలబడి ముఖం తుడుచుకున్నాడు. వాననీళ్లే అనుకున్నాను, తుడిచినకొద్దీ వస్తూనే ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. బుచ్చయ్య గొంతు పట్టుకుందామని వెనుకవైపుకు ఉరికాను.

అక్కడ గాడిపొయ్యి భగభగ మండుతోంది. పెద్ద బాండీలో నూనె కాగుతోంది, గంగాళంలో సాంబారు ఉడుకుతోంది. పైన బట్ట దబదబ కొట్టుకుంటోంది కానీ ఇనుప పైపులు అంగుళం కదలలేదు. వంట లలితమ్మ తొణక్కుండా బూరెలు తీస్తోంది, పక్కన నలుగురు ఆడవాళ్లు విస్తళ్లు సర్దుతున్నారు. నడిమి గుంజను రెండు చేతులతో కావలించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, బుచ్చయ్య గజగజ వణుకుతున్నాడు.

"బుచ్చయ్యన్నా, ముంగటిదంత పోయింది!"

"ఎవలకన్న దెబ్బ తాకిందా?" కళ్లు తెరవలేదు.

"లేదు. తడిసిన్రు."

"అందుకనే బొంగులు పెడ్త. పడితె బట్ట పడ్తది, జరసేపైనంక నవ్వుకుంటరు. ఈడ పడితె ఏమైతదో నువ్వే చూడు తమ్మీ."

చూశాను. కాగే నూనె, ఆ నూనె పక్కన ఆడవాళ్ల చేతులు. నా కోపం అక్కడే చచ్చిపోయింది.

లలితమ్మ జల్లిగరిటె ఆపకుండానే చెప్పింది. "ఇంకొకల టెంటు కూలి మా అక్క చెయ్యి కాలింది బాబూ. అప్పటికెళ్లి ఈన టెంటు లేంది మేము పొయ్యి ముట్టియ్యం."

"మరి గదే చెప్పొచ్చు గదన్నా? ఎనుక గాలి, ఎనుక గాలి అని గీ లొల్లంత ఎందుకు?"

"వంటోళ్ల కోసరమంటె ఎవలింటరు తమ్మీ? పొద్దుగాల మీ బాపు ఏమన్నడు? గాలి పేరు చెప్తె భయపడి ఊకుంటరు."

"అంటే నీకు గాలంటె భయమే లేదా?"

"ఎవలు చెప్పిన్రు? నా పాణం పోతుంది!"

వంటవాళ్ల కోసం ఇన్నేళ్లూ ఊరందరిచేతా తిట్లు తిన్న ఈ పిరికివాడిమీద నాకు ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది. తల ఎత్తి చూస్తే నెత్తిన నీడ, కింద పొడినేల. పెళ్లి ఇక్కడే చేద్దామని పంతులు దగ్గరికి ఒకటే పరుగు.

"వంటకాడ పెండ్లేంది?" అంది నాయనమ్మ.

"అగ్నిహోత్రుడున్నడు, నెయ్యి ఉన్నది, నీడ ఉన్నది. ఇంకేం గావాలె తల్లీ?" అని పంతులు అప్పటికే కదిలాడు.

"చెప్పులిడిచి రండ్రి అందరు!" అని లలితమ్మ గరిటె చూపించింది. బూరెల గంపకూ సాంబారు గంగాళానికీ మధ్య రెండు పీటలు వేశారు. లగ్నం దాటకముందే జీలకర్ర బెల్లం పెట్టారు, తాళి కట్టారు. మొదట పడిన అక్షింతలు వంటవాళ్లవే. పొగకు అందరి కళ్లూ నీళ్లే. గోదా కళ్లు తుడుచుకుంటుంటే నాయనమ్మ చూసి, "పిల్లకు పుట్టింటిమీద ఎంత మమత!" అని ముచ్చటపడి తన కొంగుతో తుడిచింది.

పెద్దలందరికీ మొక్కాక గోదా పెళ్లికొడుకును బుచ్చయ్య దగ్గరికి లాక్కెళ్లింది. గాలి ఇంకా తగ్గలేదు. ఆయన గుంజను వదల్లేదు.

"రెండు చేతులు ఖాళీ లేవు బిడ్డా. గాలి పోయినంక మొక్కుండ్రి."

"పోయేదాంక ఈడనే నిలబడ్త" అంది గోదా.

పొద్దుటినుంచీ నోరు విప్పని పెళ్లికొడుకు కొత్త ధోవతి ఎగ్గట్టి, ముందుకు వచ్చి గుంజను రెండు చేతులా వాటేసుకున్నాడు.

"నేను పట్టుకున్న మామా, నువ్వు దీవించు."

బుచ్చయ్య ఒక్కొక్క వేలే విడిపించుకున్నాడు. చేతులు అంగీకి తుడుచుకుని గోదా తలమీద పెట్టాడు. "సల్లగుండు బిడ్డా" అంటూనే, కళ్లు మాత్రం గుంజమీద ఉంచి, "గట్టిగ పట్టుకో అల్లుడా!" అన్నాడు.