మనిషి ఎక్కడ?

మల్కాజ్‌గిరిలో మా పక్కింటి ఏసీ మెకానిక్‌ను పోలీసులు విచారణ పేరుతో తీసుకుపోయారు. ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలన్న నియమాన్ని పట్టించుకోక, రోజుల తరబడి నిర్బంధించారు. అతడి భార్య మా ఇంటికి వచ్చి, "స్టేషన్‌ల అడిగితే ఈడ లేడంటున్రు సార్. మరి యాడికి పోయిండు?" అని ఏడ్చింది. ఒకప్పటి నా విద్యార్థిని ఇప్పుడు న్యాయవాది. నిర్బంధించిన మనిషిని కోర్టు ఎదుట నిలబెట్టమని కోరే హెబియస్ కార్పస్ పిటిషనును ఆమె చేత హైకోర్టులో వేయించాము.

అతడి సత్ప్రవర్తన గురించి నేనే చెబుతానని, చెప్పవలసిన మాటలన్నీ వరుసగా సిద్ధం చేసుకున్నాను. ఆమె నవ్వింది.

"అతను మంచోడా కాదా అని జడ్జి గారు అడగరు సార్. మనిషి ఎక్కడ, ఏ అధికారంతో పట్టుకున్నరు, అంతే."

క్రమశిక్షణను నమ్మిన నాకు, యోగ్యత చూడకుండా దక్కే రక్షణ మొదట వింతగానే తోచింది.

పోలీసులు అతణ్ణి హాజరుపరిచిన రోజున న్యాయమూర్తి సరిగ్గా ఆ సంగతే అడిగారు. ఏ అధికారంతో అన్నదానికి అధికారి ఒక్క కాగితమూ చూపలేకపోయాడు. అతడిని ఇంటికి వెళ్లమన్నారు.

బయటికి రాగానే అతడు, "నా తప్పేం లేదని సుత ఒక మాట అంటే బాగుండు కదా సార్!" అన్నాడు.

"ఇంటికి పొమ్మన్నరు కదా, జెర నడువు! మల్ల లోపలికి పోయి అడిగొస్తవా ఏంది?" అని భార్య కసిరింది.

సికింద్రాబాద్‌లో బస్సు మారేటప్పుడు హోటల్లో కూర్చున్నాము. అతడు రెండో ప్లేటు ఇడ్లీ అడిగాడు. భార్య తన చట్నీ కూడా అతడి వైపు జరిపింది. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది.