నాయన గొంతుకు చేపే ఆవు

ప్రవర్తనావాదం పాఠం చెప్పీ చెప్పీ అరిగిపోయాను. చిత్తూరులో మా బీఎడ్ కాలేజీలో ఏటా అదే కుక్క, అదే గంట, అదే చొంగ. గంట కొట్టి తిండి పెడుతూ పోతే కొన్నాళ్ళకు ఒట్టి గంటకే కుక్కకు నోరూరుతుంది. పిల్లలు దీన్ని మార్కుల కోసం రాస్తారు, నేను జీతం కోసం చెబుతాను. మాలో ఎవరికీ నోరూరదు.

పాకాల దగ్గర మా ఊళ్ళో మాకొక జెర్సీ ఆవు ఉంది. దాని పాలు పితికేది ఎప్పుడూ నాయనే. దాణా ముందు పెట్టి, వీపు నిమిరి, ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చునేవాడు. ఆ గొంతు వినగానే ఆవు చేపేది. చేపడమంటే పాలు తనంతట తాను వదలడం. అది వదలకపోతే ఎంత పిండినా నాలుగు చుక్కలకు మించి రావు.

పోయిన ఏడాది నాయన గొంతులో పుండు బయటపడింది. బీడీలు మానమని అమ్మా నేనూ ఎంత పోరినా వినని మనిషి, గొంతు తీసేయాలని డాక్టరు అనగానే తల వంచుకుని సరే అన్నాడు. అమ్మ ఆయనతో పాటు తిరుపతి ఆసుపత్రిలో ఉండిపోయింది. ఇంట్లో ఆవూ నేనూ మిగిలాము.

కాలేజీ నుంచి బస్సులో నిలబడి వచ్చి, కాళ్ళు లాగుతుంటే బకెట్టు పట్టుకుని కూర్చున్నాను. ఆవు చేపలేదు. నాయన అనే మాటలే నేనూ అన్నాను, ఒక్క తన్ను తన్నింది. మర్నాడు పొద్దున, సాయంత్రం కూడా ఇదే వరస. పొదుగు గట్టిపడింది. వాపు వస్తే ఆవు మాకు దక్కదు. భయమేసి అమ్మకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. నాయన ఫోను లాక్కున్నాడు.

"దాని చెవికాడ పెట్టు," అన్నాడు. తెల్లారితే ఆపరేషన్.

స్పీకరు పెట్టి, రికార్డు నొక్కాను. రేపటి నుంచి ఈ గొంతు ఉండదు, ఆవుకు కావాలి కదా అనుకున్నాను. మాకోసం దాచుకోవాలని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు.

"ఏమే, అలిగినావా? నేనీడనే ఉండాను. రెండు దినాల్లో వచ్చేస్తా. రామ్మా, సేపమ్మా, నా తల్లీ, సేపు."

ఆవు చెవులు రిక్కించింది. పాలు దిగాయి.

నాయన ఇంటికొచ్చాడు, మెడకు రంధ్రంతో, మాట లేకుండా. చేతుల్లో పితికే బలం లేదు, అమ్మకేమో మోకాళ్ళు వంగవు. కాబట్టి రెండు పూటలా నేనే. ఆయన కొట్టం పక్కన మంచం వేయించుకుని కూర్చునేవాడు. నేను ఫోను పెట్టేదాన్ని. రెండు దినాల్లో వచ్చేస్తానని ఆ గొంతు చెబుతుంటే, వచ్చి కూర్చున్న మనిషి వింటుండేవాడు. నాకది భరించడం కష్టమైపోయింది. పైగా ఛార్జింగు లేని పూట మళ్ళీ తన్నులే.

ఇన్నేళ్ళు చెప్పిన పాఠం ఒక్కసారైనా పనికి రానీ అనుకున్నాను. ముందు బకెట్టు మీద తట్టడం, వెంటనే గొంతు వినిపించడం, ఆపైన దాణా. అలసిపోయి ఉన్నా ఒక్క పూట తప్పలేదు. కొన్ని వారాలకు ఒక పొద్దున, తట్టగానే, ఇంకా ఫోను తీయకముందే ఆవు చేపింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పుస్తకంలోని కుక్క మా కొట్టంలోకి వచ్చినట్టే అయింది.

పాలు తీసి లేచేసరికి నాయన మంచం మీది నుంచి చెయ్యి చాచి ఉన్నాడు. నా ఫోను చూపిస్తున్నాడు.

"ఇంక దాంతో పనిలేదు నాయనా. ఆవు నేర్చుకునింది," అన్నాను సంబరంగా.

ఆయన చెయ్యి దించలేదు. నా సంబరం చప్పబడిపోయింది. ఇన్నాళ్ళూ రెండు పూటలా ఆయన ఎందుకొచ్చి కూర్చున్నాడో నాకప్పుడు తెలిసింది. ఫోను నొక్కి ఆయన చేతిలో పెట్టాను.

"ఏమే, అలిగినావా? నేనీడనే ఉండాను."

నాయన ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆవు దాణా తింటూనే ఉంది, తల కూడా తిప్పలేదు.