అక్క వెతికిన వలంపురి శంఖం

మంగళవారం పొద్దున బావ ఫోన్ చేశాడు. "మీ అక్క పోయింది పాపా. నేను టీ తెచ్చేలోపల పోయింది" అన్నాడు. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. ఆయన ఏడవలేదు. టీ సంగతే మళ్ళీ ఒకసారి చెప్పి పెట్టేశాడు.

అక్కది విడవలూరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. బావ వేటకు పోయి తెచ్చిన చేపను బుట్టకెత్తుకొని ఊళ్ళు తిరిగి అమ్మేది. ముప్పై ఎనిమిదో ఏట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అప్పటినుంచి ఐదేళ్ళు, సోమవారం, గురువారం బస్సెక్కి నెల్లూరు రావడం, నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవడం. నేనుండేది నెల్లూరులోనే కాబట్టి తోడు కూర్చునేదాన్ని.

ఎడమ చేతికి సూదులుండేవి. కుడి చేతిలో ఫోను. అందులో ఒక దీవి ఆట. మన బదులు తిరగడానికి ఒక బొమ్మనూ, ఒక చిన్న ఇల్లూ ఇస్తారు. తోట వేసుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు, ఒడ్డున ఇసుక తవ్వి గవ్వలూ శంఖాలూ ఏరి అద్దాల బీరువాలో దాచుకోవచ్చు. చేపల జోలికి అక్క పోలేదు. "చేపలతోనే బతుకంతా అయిపాయ, ఇక్కడ గూడానా" అనేది. బీరువాలో నలభై అరలు. ముప్పై తొమ్మిది రెండేళ్ళలో నిండాయి. మిగిలింది ఒక తెల్లటి శంఖం, మామూలు శంఖాలకు ఎదురు దిక్కుగా మెలి తిరిగినది. ఆటలో దానికేదో ఇంగ్లీషు పేరుంది. అక్క వలంపురి అనేది. నిజం సముద్రంలోనూ బావ వలకు అలాంటిది ఎన్నడూ పడలేదట.

ఒడ్డు ఒక కొసన మొదలుపెట్టి, అడుగు వదలకుండా తవ్వుకుంటూ పోయేది. ఇసుకమీద ఆట చూపించే గుర్తు ఉన్నచోట తవ్వితే చాలదా అని నేనంటే, "అది వచ్చే రోజుకు మనం ఆడ ఉండాల పాపా, అంతే" అనేది. పక్క మంచంలో ఎవరైనా నొప్పికి మూలిగితే ఫోను వాళ్ళవైపు తిప్పి ఒక గవ్వ చూపించేది. నాకూ ఆట నేర్పింది. పొద్దుపోక నా ఫోనులో నాదొక దీవి పెట్టుకొని ఆడేదాన్ని.

కిడ్నీ ఇవ్వడానికి బావది కలవలేదు. నాది కలిసింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు సరేనన్నారు. ఇంట్లో మా ఆయన వద్దన్నాడు, అత్తగారు ఏడ్చింది. తప్పు వాళ్ళమీదికి నెట్టేయడం సులువే. నిజానికి నాకు భయమేసింది. వాళ్ళు వద్దన్నప్పుడు లోలోపల తేలికపడ్డాను. చెప్పడానికి వెళ్తే, అక్కే నా మొహం చూసి, "బిడ్డలున్నదానివి, వద్దులే" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పోయిన కార్తీకంలో ఆ శంఖం నాకు దొరికింది. ఊరికే, ఏమీ ఆలోచించకుండా తవ్విన చోట. ఆటలో ఒకరిది ఇంకొకరికి పంపుకోవచ్చు. అక్కకు చూపించి, ఇప్పుడే పంపిస్తున్నానన్నాను. చాలాసేపు చూసింది. బాగుందంది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, "పంపబాక. నీకు దొరికింది, నీ దగ్గరే ఉండనీ" అంది.

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. ఆమె మళ్ళీ ఒడ్డు మొదటినుంచి తవ్వడం మొదలుపెట్టింది.

చివరి నెలల్లో చేతులు వాచి, వేలు తెరమీద సరిగ్గా ఆనేది కాదు. ఎక్కడ తవ్వాలో చెప్పమని, నేను నొక్కేదాన్ని. కళ్ళు మూసుకొనే, ఇంకొంచెం ఇవతలకి అనేది. నలభయ్యో అర నిండలేదు.

ఐదేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె నాకు మిగిల్చి పోయింది అదే. దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

పదకొండో రోజు అయ్యాక నా ఫోనులోంచి ఆమె దీవికి వెళ్ళాను. మనిషి రాకపోతే దీవి బీడుపడుతుందని నాకు తెలియదు. ఇంటి చుట్టూ మోకాలెత్తు గడ్డి లేచింది. గుమ్మం కనపడలేదు. పీకుదామని వంగితే, ఇది మీ దీవి కాదు, ఇక్కడ దేన్నీ ముట్టుకోవడానికి లేదని తెరమీద వచ్చింది. ఆటలో వాన మొదలైంది. నా బొమ్మ ఆ గడ్డిలో తడుస్తూ నిలబడింది.