ఆమె వేళ్లకు పని లేని నెల

చెరువు గడ్డకడితే కిందున్న చేపలేం చేస్తయి? ఈ ఒక్క ప్రశ్న మా ఇంట్ల రెండేండ్లు నడిచింది.

నా భార్య ఫోన్ల ఒక వీడియో చూసింది. ఏదో చలి దేశంల చెరువు మీద మనుషులు నడుస్తున్నరు, సైకిళ్లు తొక్కుతున్నరు. ఒక ముసలాయన మంచుకు బొక్క పొడిచి, గాలమేసుకొని స్టూలు మీద కూసున్నడు. "ఏందయ్యా, గది నీళ్లేనా? కింద చేపలు బతికే ఉంటయా?" అని అడిగింది. ఉంటయన్న. "నువ్వు చూసినవా?" అన్నది. చూడలేదన్న. "మరెట్ల జెప్తవు?" అని మళ్ల వీడియోలకే పోయింది.

నేను బస్సు కండక్టర్‌ను. గద్వాలల ఎక్కి, వనపర్తి మీదుగ నాగర్‌కర్నూల్ పోయి మళ్ల వచ్చుడు నా పని. ఎవరు యాడికి పోతున్నరు, ఎందుకు పోతున్నరు అని అడిగే రోగం నాకు మొదటి నుంచి ఉన్నది. టికెట్ ఇచ్చి ఊకుంటే సరిపోదు నాకు. పెండ్లికా, దవాఖానకా, ఎవరన్న చనిపోయిన్రా, అన్నీ కావాలె. గసొంటోనికి ఇంట్లనే ఒక ప్రశ్నకు జవాబు లేకపాయె. నాకు నిద్ర పడితే ఒట్టు.

ఆమెది మల్దకల్ పక్కన మా ఊర్ల సీడు పత్తి, అంటే కంపెనీకి విత్తనాలిచ్చే పత్తి సేద్యం. రెండెకరాలు. వానకాలంల పొద్దుగూకంగనే ఆడ మొగ్గల పూరేకులు బొటనవేలి గోటితోటి గిల్లి పారేయాలె, తెల్లారి మగ పువ్వు తెచ్చి ఒక్కొక్క దానికి రుద్దాలె. దీన్నే క్రాసింగ్ అంటరు. ఒక్క పూట తప్పినా ఆ మొగ్గ పోయినట్టే. ఆ తర్వాత పత్తి ఏరుడు. సంక్రాంతి దాటినంకనే ఆమె చేతులు ఖాళీ. నేను ఫోన్ల వెదికి వెదికి ఎస్టోనియా అనే చిన్న దేశం పట్టిన. ఫిబ్రవరిల అక్కడ చెరువులు గడ్డకడతయట, టూరిస్టులు రారట, హోటళ్లు ఖాళీగుంటయట. మాకు పని లేని కాలం, వాళ్లకు గిరాకీ లేని కాలం ఒక్కటే! ఇది తెలిసిన్నాడు బస్సుల ఒక్కన్నే నవ్వుకుంట కూసున్న.

ఒక నోటుబుక్కు పెట్టిన. పొద్దు ఎప్పుడు గూకుతది, మంచు ఎంత మందముంటే మనిషిని మోస్తది, జొన్నరొట్టె పిండి పట్కపోనిస్తరా, ఇట్ల అన్నీ రాసుకున్న. అక్కడి బస్సుల్ల కండక్టరే ఉండడని చదివి ఆమెకు చెప్పిన. "అయితే నువ్వు పోయి ఏం జేస్తవు?" అని పడీ పడీ నవ్వింది.

వనపర్తిల విమానం టికెట్లు చేసే అతని దగ్గరికి పోయినం. మమ్మల్ని కిందికి మీదికి చూసి, "ఏం పనికి పోతున్రన్నా? మధ్యల ఏజెంటు ఎవరున్నరు?" అన్నడు. పనికి కాదు, చూసొస్తందుకు అన్న. అతనికి అర్థం కాలే. "ఇద్దరా? చూడనీకేనా? గీ చలికాలంలనా?" అని మూడుసార్లు అడిగిండు. తప్పు అతనిది కాదు. మా దిక్కు జంటగ పోవుడంటే మేస్త్రి వెంబడి కూలికి వలస పోవుడే. మా మామ, అత్త పెండ్లయిన ఏడాదే కాలువ తవ్వ పోయిన్రు. నా భార్య గుడారంలనే పుట్టింది. చిన్నప్పుడు బొంబాయి, పూనా అన్నీ తిరిగిందట గాని, ఏమున్నదక్కడ అని అడిగితే "మట్టి" అంటది. అందుకే నాకు పంతం పట్టింది. ఈసారి చేతుల పార, గంప ఏమీ పట్టుకోకుండ పోవాలె.

నవంబర్ ఆఖరుల హైదరాబాద్ రమ్మన్నరు, వీసాకు వేలిముద్రలు ఇయ్యాలెనని. ఇక్కడనే నేను తెలివి మీరిన. క్రాసింగ్ చేసీ చేసీ ఆమె వేళ్లకు పత్తి పసరు నల్లగ పట్టుంటది. ఆఫీసర్ల ముందల ఆ వేళ్లు పెడితే ఏమనుకుంటరో అని నాకు సిగ్గు. ముందురోజు చింతపండు పెట్టి, మడిమలు రుద్దుకునే రాయితోటి రుద్దుకోమన్న. ఆమె రుద్దింది. సాలలేదని నేను గూడ రుద్దిన. ఎర్రగ అయినయి. మంచిగున్నయి అన్న.

ఆఫీసుల నా వేళ్లు ఒక్కసారికే పడ్డయి. ఆమెవి పడలే. ముద్రలు తీసుకునే పిల్ల మెల్లగ, "ఇంకోసారి పెట్టండమ్మా" అన్నది. నాలుగుసార్లు, ఐదుసార్లు. తుడిచి పెట్టించింది, తడి చేసి పెట్టించింది. మిషన్ అద్దం మీద ఏమీ పడలే. వెనుక లైన్ల మనుషులు చూస్తున్నరు. నాకు తల కొట్టేసినట్టయింది. "సరిగ పెట్టు! గది గూడ చేతగాదా?" అని గట్టిగ అన్న. అందరు విన్నరు. ఆమె నా దిక్కు చూడలే, చెయ్యి తీయలే. ఆ పిల్లనే నాకు చెప్పింది, "సార్, ఆమె తప్పు కాదు. గీతలు అరిగిపోయినయి. నెల తర్వాత రండి" అని. ఇప్పటికీ ఆ మాట యాదికొస్తే నా మీద నాకే మండుతది.

తిరుగు ప్రయాణంల కొత్తకోటల బస్సు ఆగింది. చాయ తెచ్చిచ్చిన. గ్లాసు పట్టుకొని ఆమె తన వేళ్లనే చూసుకుంటున్నది. "ఇన్ని వేళ్లుండి ఒక్కటి గూడ నాది కాదంట" అన్నది. కోపం లేదు ఆ గొంతుల. నిజంగనే వింతపడుతున్నది.

నాగర్‌కర్నూల్‌ల చర్మం డాక్టర్ చేతులు తిప్పి తిప్పి చూసి నవ్విండు. మందు లేదన్నడు. "కొబ్బరినూనె రాయుండ్రి. నెల రోజులు ఈ చేతులకు పని చెప్పకుండ్రి. చర్మం దానంతటదే వస్తది." నా భార్య మందే రాయమని బతిమాలింది. పని చేయకుండ ఉండుడంటే ఆమెకు సూది కంటే కష్టం. చేన్ల పత్తి పగిలి తెల్లగ నవ్వుతున్నది మరి!

ఇగ నా కథ మొదలాయె. ప్రయాణానికి కావాల్సినయి ఉంచుకొని, మిగిలిన సెలవులన్నీ పెట్టిన. పత్తి నేనేరిన, కూలోళ్లను పిలిచిన, గిన్నెలు తోమిన, బట్టలు పిండిన. వాడకట్టోళ్లకు పండుగే. "బావా, పీచు మంచిగ తిప్పు, అడుగంటింది" అని గోడ మీంచి మా పక్కింటి మరదలు. నా భార్య మాత్రం గడప మీద నూనె చేతులు ఒళ్లె పెట్టుకొని కూసునేది. ఊకుండలేక పైటకొంగు వేలికి చుట్టుడు, మళ్ల విప్పుడు. ఒకనాడు కొట్టంల చప్పుడైతే పోయి చూసిన. దొంగతనంగ పల్లికాయ ఒలుస్తున్నది! "వేళ్లు వాటంతటవే పోతున్నయయ్యా" అని ఏడ్చినంత పని చేసింది. నాకు తిట్టబుద్ధి కాలే. పల్లీలు తీసి దాచిపెట్టిన.

ఇంట్ల ఉంచితే లాభం లేదని, సెలవు లేక డ్యూటీకి పోయినప్పుడు నా బస్సు ఎక్కించుకున్న. ఇరవై ఆరేండ్ల సంసారంల నా బస్సుల పనేం లేకుండ కూసున్నది అదే మొదలు. కిటికీ పక్కన సీటు. ఆ ఊరేంది, ఈ గుట్టేంది, శ్రీరంగాపూర్ తొవ్వ యాడ తిరుగుతది, ఆ ముసలామె రోజూ ఎక్కుతదా, ఒక్క స్టేజీ గూడ నన్ను ఇడువలే. "ఇన్నేండ్ల నుంచి ఇవన్నీ నువ్వొక్కనివే చూసినవా?" అన్నది. అందరినీ అడిగే నాకు, ఒకరు అడిగితే ఎట్లుంటదో అప్పుడు తెలిసింది. మస్తు మంచిగుంటది.

మూడు వారాలు తిరిగేసరికి నా ఫోను నన్ను గుర్తుపట్టుడు ఇడిసిపెట్టింది. బొటనవేలు పెడితే తెరుచుకోదు. తుడిచిన, ఊదిన, తిట్టిన. చూస్తే వేలి కొసంత పత్తికాయ ముండ్లు గీరిన గాట్లు, పీచుకు కమిలిన తోలు. మూడు వారాలకే నాది గిట్లయితే! నేను ఆ ఫోను పట్టుకొని గిన్నెల కాడనే కూలబడ్డ. ఆమె వచ్చి నా వేలు పట్టుకొని చూసింది. "సరిగ పెట్టు" అన్నది. అని నవ్వింది. నేను నవ్వలేకపోయిన.

జనవరి మొదటి వారంల మళ్ల పోయినం. ఈసారి నేను దూరంగ నిలబడ్డ, నోరు మూసుకొని. ఎడమచెయ్యి పడ్డది. కుడిచెయ్యి పడ్డది. బొటనవేళ్లు ఒకసారి పడలే. రెండోసారికి పడ్డయి. "ఒక్కసారి చూపియ్యవా బిడ్డా" అని ఆమె ఆ పిల్లను అడిగింది. తెర జర తిప్పి చూపించింది. సన్నటి గీతలు, సుళ్లు సుళ్లుగ. నా భార్య వంగి ఒక్కొక్క వేలు చూసుకున్నది. నేను గూడ చూసిన. ఇరవై ఆరేండ్లల ఎన్నడూ చూడలే వాటిని.

పోయిన మంగళవారం వీసాలు పడి పాస్‌పోర్టులు ఇంటికొచ్చినయి. ఆమె పెట్టెల పెట్టి తాళమేసి, కొంగు నడుముకు చెక్కుకొని, సీదా గిన్నెల కాడికి పోయింది.

"ఆగు! అక్కడ దిగినంక మళ్ల వేళ్లు పెట్టమంటరు" అన్న.

చేతుల పీచు అట్లనే ఉన్నది. "నిజంగనా? నన్ను కూసుండబెట్టనీకె చెప్తున్నవా?"

"నిజం. చదివిన."

"అయితే ఫిబ్రవరి దాంక నువ్వే తోముతవా?"

"తోముత."

ఆమె పీచు కింద పెట్టింది. జరసేపు తన వేళ్లు వెలుతురుల అటూ ఇటూ తిప్పి చూసుకున్నది. "తిరిగొచ్చినంక?" అన్నది.

నేను ఆమె కింద పెట్టిన పీచు అందుకున్న.

"తిరిగొచ్చినంక ఎవ్వరడుగుతరులే వీటిని" అని ఆమెనే చెప్పుకున్నది.

నేను పీట జరుపుకొని గిన్నెల ముందల కూసున్న.