ఒక్క స్టార్ ఇచ్చిన ఆవిడ

మద్దిలపాలెం బస్ డిపోకి దగ్గర్లో, మూడో అంతస్తులో మా ఆఫీసు. కంపెనీలకు క్లౌడ్ ఫైర్‌వాల్, వీపీఎన్ అమ్ముతాం. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కంప్యూటర్‌కీ వాళ్ల ఆఫీసుకీ మధ్య ఎవరూ చొరబడకుండా అది కాపలా కాస్తుంది. కొన్నవాళ్ల అభిప్రాయాలు రాబట్టడం నా పని. ఎవరిని అడిగినా "బానే ఉందమ్మా" అని ఫోన్ పెట్టేసేవారు. ఆ మాట వింటున్నకొద్దీ చిరాకు పుట్టేది. కుర్చీలో కుదురుగా ఉండలేక హెడ్‌సెట్‌తోనే అటూ ఇటూ తిరిగేదాన్ని.

అలాంటి రోజుల్లో గాజువాక నుంచి ఒకావిడ మా సర్వేకి జవాబు పంపింది. ఓడల సరుకుల లెక్కలు చూసే కంపెనీలో ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఒక్క స్టార్ ఇచ్చి, కింద "మనిషిని నిలవనివ్వదు" అని రాసింది.

"వాళ్ల కంపెనీ వచ్చే నెల రెన్యువల్ చెయ్యాలి. ఆవిడతో మాట్లాడి స్టార్లు మార్పించు" అన్నాడు మా మేనేజర్.

ఫోన్ చేశాను. "ఫోన్లో ఏటి సెప్తాను? ఓపాలి వొచ్చి సూడు" అంది.

నేనుండేదీ అటే. సాయంత్రం షేర్ ఆటో దిగి వాళ్లింటికి వెళ్లాను. వంటింటి గుమ్మం పక్కన చిన్న బల్ల, దానిమీద ల్యాప్‌టాప్. మంచం మీద కాలికి కట్టుతో వాళ్ల అత్తగారు. కోడలు నాకు కుర్చీ వేసిందో లేదో, ల్యాప్‌టాప్ టింగుమంది. పరుగున వెళ్లి పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్‌కి వచ్చిన కోడ్ కొట్టింది.

"కాసేపు కీబోర్డు ముట్టకపోతే మీ వీపీఎన్ బయటికి తోసేత్తాది. తోసేసినప్పుడల్లా ఆఫీసులో నా పేరు ఎర్రగా కనబడతాదంట. ఎక్కడికెళ్లేవని మెసేజ్ వొచ్చేత్తాది. అత్తని బాత్రూముకి తీసికెళ్లినా నా సెవి ఇటే."

"నన్ను సగంలో వొదిలేసి ఉరుకుతాది తల్లీ. దాన్నేటని అనను?" అంది మంచం మీది పెద్దావిడ.

స్టార్ల మాట నా నోటికి రాలేదు. కూర్చున్నంతసేపూ ఆ టింగు కోసం నేనూ ఎదురుచూస్తూనే ఉన్నాను.

మర్నాడు మా టెక్నికల్ అబ్బాయిని అడిగితే, మన సాఫ్ట్‌వేర్ అంత త్వరగా తొయ్యదనీ, ఆ సమయాన్ని వాళ్ల కంపెనీయే తగ్గించుకుందనీ చెప్పాడు. అక్కడ కంప్యూటర్లు చూసే ఆయనకు ఫోన్ చేశాను. ఆవిడ పేరు ఎత్తలేదు. భద్రత, భద్రత అని చాలాసేపు సణిగి, చివరికి ఆ సమయాన్ని గంటకు పెంచాడు.

"ఇంతకీ స్టార్లు మార్చిందా?" అన్నాడు మేనేజర్.

"నేను అడగలేదు సార్."

ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ఆవిడ ఫోన్ చేసింది. "ఇయాల అత్తకి తలంటు పోసీసేనమ్మా, మద్దిలో లెగాల్సిన పని లేకపోయింది. కానీ స్టారు మాత్రం మార్సను. నా పేరు ఎర్రగా సూపించడం మానలేదు కదా?"

"మార్చకక్కా" అన్నాను.

రెన్యువల్ అయింది. ఆ ఎరుపు తీసెయ్యమని నేను రాసిన మెయిల్‌కి మాత్రం వాళ్ల కంపెనీ ఇంకా బదులివ్వలేదు. పొద్దున్నే ఆఫీసుకి రాగానే, బ్యాగు భుజాన ఉండగానే మెయిల్ తెరిచి ముందు ఆ బదులు కోసమే వెతుకుతాను.